పాల సొర కడుపు

ఎవరైనా ధర్మసందేహం అడిగితే పరదేశి గురువుగారు ముందు చెప్పులు వెతుక్కునేవారు. ఆయన జవాబు నోట్లో ఉండదు, ఎక్కడో బయట ఉంటుంది. వెంటబడి పోయి చూసుకోవాల్సిందే.

ఆ ఉదయం శిష్యుడు భీమారావు వస్తూనే మొదలెట్టాడు. "సొరచేపలు తగ్గిపోతున్నాయి, కాపాడండని రేవులో మైకు పెట్టి మరీ చెబుతున్నారు గురువుగారూ. మనిషి కనబడితే మింగేసే రాక్షసి జాతి. పోతే పీడా విరగడవుతుంది గానీ, దాన్ని కాపాడ్డం ఏం ధర్మం?"

"చేతిలో ఆ సంచేమిటి?" అన్నారు గురువుగారు.

భీమారావు నసిగాడు. భార్య పురుడు పోసుకుని వారమైంది. పాలు చాలక పసిది గుక్కపెట్టి ఏడుస్తోంది. బాలింతకు పాల సొరచేప వండిపెడితే పాలు పడతాయని అత్తగారు పొద్దున్నే తరిమింది.

"పద, నేనూ వస్తా."

ఒడ్డున చేపలమ్మే కొర్లమ్మ, అప్పుడే పడవ దిగిన సొరను ముందేసుకుని కత్తి నూరుతోంది. భీమారావు కాస్త అవతలే ఆగిపోయాడు.

"అంత దూరాన నిలబడిపోనారేటి బాబూ? సచ్చింది కరవదు. బాలింత కోసమా? అయితే దగ్గరకొచ్చి మీరే ఏరుకోండి" అని నవ్వుతూ కడుపు కోసింది.

లోపలి నుంచి గుడ్లు రాలేదు, పిల్లలు జారాయి. జానెడేసి, నున్నగా, ఒక్కొక్కదానికీ బొడ్డుతాడు. భీమారావు దగ్గరకొచ్చి వంగి చూశాడు. చేప కడుపులో బొడ్డుతాడేమిటి? వారం కిందట ఆసుపత్రిలో నర్సమ్మ చేతుల్లో చూసిందీ అలాంటిదే కదా. అంతలో ఒక పిల్ల తోక కొట్టుకుంది.

తరవాత తానేం చేశాడో అతనికే తెలియలేదు. దాన్ని దోసిట్లో ఎత్తుకుని, ఇస్త్రీ పంచెతోనే మొలలోతు నీళ్ళలోకి పరిగెత్తి వదిలాడు. అది వేళ్ళ సందునుంచి జారి మాయమయ్యేదాకా నిలబడి, వెనక్కి వచ్చాడు.

"జాలిగల బాబే. మరి తల్లినేటి సెయ్యమంటారు? సంచి పడతారా, ఇంకోళ్ళకి ఇచ్చీనా?" అంది కొర్లమ్మ.

ఇంట్లో పసిదాని ఏడుపు అతని చెవిలో మోగింది. సంచి విప్పి పట్టాడు. ముక్కలు పడుతున్నంతసేపూ గురువుగారి వంక చూడలేకపోయాడు.

గురువుగారు మాత్రం అలల వైపే చూస్తూ, మామూలుగా అడిగారు.

"ఇందాక నీళ్ళలో వదిలావే ఆ రాక్షసిని, దానికి పళ్ళున్నాయా నాయనా?"