జాజి ఒంటి జిడ్డు

"వాగూ వాగూ, ఒళ్లు కడుగు,
బుగ్గ కడుగు, బొట్టు కడగకు,
ఎండా ఎండా..."

ఆ పైన ఎండను ఏమడుగుతారో గుర్తు రావడం లేదు. పోనీలెండి పిల్లలూ, ఎండ కథే చెబుతాను.

అనగనగా ఒక అడవిలో వేసవికి సగం ఇంకిపోయిన వాగు. ఆ వాగులో జాజి అనే పడుచు కప్ప. దాని ఒళ్లు నున్నగా, తడితడిగా మెరిసేది. ఒకనాడు ఒడ్డున బండ మీది ఉడుము దాన్ని చూసి పకపకా నవ్వింది.

"ఏమే జిడ్డుమొహం! ఆముదం కుండలో పడి లేచావా?"

జాజికి తల తీసేసినట్టయింది. ఇన్నాళ్లూ ఆ తడి తన ఒంటిదే అనుకుంది. ఇప్పుడది మురికేమోనని అనుమానం పట్టుకుంది. పరుగున అడవిపంది దగ్గరకు పోయింది.

"అత్తా, నువ్వు ఒంటికేం రాసుకుంటావు?"

"బురద! దట్టంగా పట్టించి ఆరనిస్తాను. ఈగ కూడా వాలదు."

జాజి బురద పూసుకుంది. ఆరేకొద్దీ ఒళ్లు చుర్రుమంది.

"మండుతోంది అత్తా!"

"మండితేనే పనిచేస్తున్నట్టు. ఓర్చుకో."

ఓర్చుకుని ఏనుగు దగ్గరకు పోయింది. "తాతా, నువ్వో?"

"దుమ్ము చల్లుకుంటానమ్మా. ఎండ సోకదు."

జాజి దుమ్ములో పొర్లింది. మిగిలిన కాస్త తడినీ దుమ్ము పీల్చేసింది. కళ్లు గరగరలాడాయి. ఆయాసం వచ్చింది. అయినా, జిడ్డు పోతోంది కదా అని మురిసింది. ఎంత వింతో చూడండి!

చివరికి ఉడుము ముందు నిలబడింది. "మామా, ఇంకా జిడ్డుందా?"

"కొంచెం ఉంది. బండెక్కి పడుకో. నేను రోజూ ఇక్కడే కాగుతాను. నా పొలుసులు చూడు, ఎలా ఉన్నాయో!"

జాజి బండెక్కింది. కాసేపటికి ఉడుము, "నాకీ పూటకు చాలు" అని పొదలోకి జారుకుంది. పొద్దు నడినెత్తికి వచ్చింది. బండ పెనంలా కాలుతోంది.

కప్పకు ముక్కుతో పీల్చే గాలి ఒక్కటే చాలదు పిల్లలూ. తడి ఒంటితోనూ పీల్చుకోవాలి. ఆ ఒళ్లు ఇప్పుడు ఎండుటాకులా బిగుసుకుపోయింది. నీళ్లు మూడు గెంతుల దూరం. ఒక గెంతు గెంతి బోర్లా పడింది. రెండోసారి కాళ్లు లేవలేదు. "అమ్మా" అనబోయింది.

రాతికింద నుంచి గోదురుకప్ప పెద్దమ్మ బయటికొచ్చింది. ఒళ్లంతా గరుకు, బొడిపెలు. జాజిని తలతో నెట్టింది. కదల్లేదు. మళ్లీ నెట్టింది. మూడోసారి భుజమంతా ఆనించి నెట్టేసరికి జాజి బండ మీంచి దొర్లి బుడుంగున నీళ్లలో పడింది.

బురద కరిగింది. జాజి మాత్రం కదల్లేదు. పెద్దమ్మ దగ్గరికి దిగి చూసింది. చాలాసేపటికి జాజి గొంతు కింద చర్మం చిన్నగా కొట్టుకుంది.

"బతికావుటే, పిచ్చిదానా!"

జాజి నీరసంగా అడిగింది. "ఇంత ఎండలోకి ఎలా వచ్చావు పెద్దమ్మా? నువ్వేం రాసుకుంటావు?"

"ఇంకా బుద్ధి రాలేదూ? నాది మందపు తోలు. కాసేపు ఓర్చుకోగలను. మనది ఒకే వంశమైనా ఒకే తోలు కాదే!"

"మరి నాదెలాంటిదో ఎలా తెలుస్తుంది?"

"శుభ్రంగా కడుక్కో. ఏమీ పూయకు. నీడలో ఊరికే కూర్చో. బిగుస్తోందా, మెరుస్తోందా, మండుతోందా, నువ్వే చూసుకో."

జాజి తుంగ నీడలో కూర్చుంది. మంట తగ్గింది. మెల్లమెల్లగా వీపు మీద సన్నని జిగురు ఊరింది. ఊపిరి తేలికైంది. అయినా పాత సిగ్గు పోక, దాన్ని తుడుచుకోబోయి కాలెత్తింది.

పెద్దమ్మ ఆ కాలు పట్టుకుని ఆపింది.

"తుడవకే తల్లీ. అది మురికి కాదు, నీ ప్రాణం."

నీతి: ఇంకొకరి ఒంటికి పడిందని మనం పూసుకోకూడదు. ముందు మన చర్మం ఎలాంటిదో కనిపెట్టి, దానికి పడేదే వాడుకోవాలి.