పరుగులమ్మ కొండ మీద మంచం పాట

గుడి ముందు ఏం చూశారో ముందు చెప్పండి. నులకమంచం మీద వెల్లకిలా పడుకుని, ఫిడేలు గుండెల మీద పెట్టుకుని వాయించే మనిషిని చూశారా? చూసి నవ్వుకున్నారా? నవ్వుకోండి, తప్పులేదు. గంటికొండ పరుగులమ్మకు విగ్రహం లేదు. రాతి మీద రెండు పాదాల గుర్తులున్నాయి, ఒకటి ముందు, ఒకటి వెనక. పాట మోగినంతసేపూ ఇక్కడ ఎవరూ కదలకుండా నిలబడకూడదు.

పూర్వం ఈ కొండ కింద దాలయ్య అనే మేకల కాపరి ఉండేవాడు. దండుతో పోతూ జ్వరంతో దారిలో పడిపోయిన ఒక స్కాట్లాండు సిపాయిని ఇంటికి మోసుకొచ్చి, ఉన్న ఒక్క మంచమూ ఇచ్చాడు. కాస్త తేరుకున్న సిపాయి, లేచే ఓపిక లేక పడుకునే ఫిడేలు వాయించేవాడు. అది వాళ్ల దేశపు చిందు పాట. దానికి రెండు సగాలు. అక్కడ ఊరూరా దాన్ని మార్చుకుంటారనీ, ఎవరిది వాళ్లకు అసలుదనీ వచ్చీరాని మాటల్లో చెప్పాడు. దాలయ్య మొదటి సగం పట్టుకున్నాడు. రెండోది నేర్చుకునేలోపే దండు బండి వచ్చింది. సిపాయి తన ఫిడేలు వదిలి వెళ్లాడు. జ్వరం కూడా వదిలి వెళ్లాడు.

ఊరు మంచాన పడింది. ఊరిపెద్ద సూరపునాయుడు మనుషులతో దాలయ్య గుమ్మం ముందుకు వచ్చాడు.

"ఏరా దాలయ్యా, తెల్లోడి జ్వరాన్ని కొత్తల్లుడిలా మేపావు గదా. పొద్దుగూకేలోగా పెళ్లాంబిడ్డలతో ఊరు దాటు."

కాలిపోతున్న బిడ్డను ఒళ్లో వేసుకుని మూట కడుతోంది భార్య ఎర్రమ్మడు. అడవి దారిలో ఆ బిడ్డ బతకదని ఇద్దరికీ తెలుసు. "మంచమిచ్చేసి నేల మీద పడుకున్నావు. ఇప్పుడు ఊరిచ్చేసి ఎక్కడ పడుకుంటావు?" అంది.

దాలయ్య గోడకు చేరగిలబడ్డాడు. పట్టపగలే కునుకు పట్టింది. కలలో కొండ మీది గుడిలో ఉండే కొండమ్మ తల్లి కనిపించి, "నన్ను గదిలో పెట్టి తలుపేశారు. కాళ్లు మొద్దుబారాయిరా. నన్ను కదిలించు" అంది.

అతను ఫిడేలు చంకన పెట్టి, మంచం నెత్తికెత్తుకుని కొండెక్కాడు. బిడ్డతో ఎర్రమ్మడు, తరమడానికి ఊరివాళ్లు వెంట నడిచారు. ఫిడేలు పడుకునే వాయించాలని అతని నమ్మకం. మరోలా వాయించగా చూడలేదు మరి. మొదటి సగం అయిపోయేది, రెండోది రాదు, మళ్లీ మొదటికే. ఆగే చోటు దొరక్క పాట పరుగందుకుంది. తరమవచ్చినవాళ్ల కాళ్లే ముందు ఆడాయి. గుడి తలుపు విరిగింది. లోపల ఉండే విగ్రహం లేదు, గుడి ముందు రాతి మీద అడుగులున్నాయి. కొండమ్మ ఆనాడే పరుగులమ్మ అయింది. బిడ్డకు చెమట పోసి జ్వరం జారింది.

"మూట విప్పవే" అన్నాడు సూరపునాయుడు, తలెత్తకుండా.

తర్వాత పైవీధివాళ్లు మేకల పిలుపు చేర్చి రెండో సగం కట్టుకున్నారు. కిందివీధివాళ్లు ఆ ఒక్క సగాన్నే తిప్పి తిప్పి వాయిస్తారు. మాది అసలంటే మాది అసలని తీర్థం తీర్థానికీ గొంతులు లేస్తాయి. అమ్మ మాత్రం రెండింటికీ నడుస్తుంది.

నేటికీ నాయుడి వంశంవారే ఆ మంచం కొండకు మోస్తారు. పాటకు అడుగు కలిపినవారి ఇంట జ్వరం నిలవదని నమ్మకం. అయితే పోయినేడు ఇటుకబట్టీల దగ్గర వలసకూలీల గుడిసెల్లో జ్వరాలు వస్తే, మంచం మోసిన చేతులే వాళ్ల దారికి ముళ్లకంప అడ్డం వేశాయి. జ్వరాలు తగ్గాయి. కంప ఇంకా అక్కడే ఉంది. కొండ దిగేటప్పుడు ఎడమ పక్కన కనబడుతుంది. చూసి ఏం చేస్తారు?