సత్యలవణానికి చెమట పట్టిన వేళ

విచారణ అంటే ఉదయవర్మ మహారాజుకు విసుగు. శ్రావణమాసంలో రాణిగారి ముత్యాల పతకం పోయింది. సాక్షులనీ వాంగ్మూలాలనీ తన ప్రాణం తీయవద్దని, పొద్దుగూకేలోగా దొంగను తేల్చమని సభలో ఆజ్ఞాపించాడు. తీర్పు చెప్పేవాడికి ఓపిక లేకపోతే, ఆ లోటు ఎవరో ఒకరి మెడకు చుట్టుకోక తప్పదు.

ఆస్థాన రసవాది కపర్ది ఆ పని తనకు వదిలేయమన్నాడు. మైనంతో మూత బిగించిన జాడీ ఒకటి తెప్పించాడు. అందులో ఉన్న తెల్లటి పొడి హిమాలయాల్లో ఒక సిద్ధుడు ఇచ్చిన సత్యలవణమట. నిజం చెప్పేవాడి అరచేతిలో పొడిగా ఉంటుందట. అబద్ధమాడితే చెమర్చి నీరవుతుందట.

రాణిగారి గదిలోకి చివరగా వెళ్లింది వంటమనిషి కామసాని. పతకం తాను తీయలేదని చెప్పి, ఆమె గుప్పెడు ఉప్పు పట్టుకుని నిలబడింది. బయట ముసురు. కొంతసేపటికి ఆమె వేళ్ల సందుల్లోంచి నీరు కారింది.

కుడిచెయ్యి నరకమన్నాడు రాజు.

ఆ చేత్తోనే ఆమె ముగ్గురు పిల్లలను పోషిస్తోంది. ఆ సంగతి సభలో అందరికీ తెలుసు. అందరూ నేల చూపులు చూశారు.

ఉగ్రాణం చూసే సోమిదేవుడు మాత్రం లేచాడు. సరుకు తూచడం తప్ప శాస్త్రాలు చదవని మనిషి. తనకో సందేహం ఉందన్నాడు.

"ఉప్పూ పప్పూ తూచుకునేవాడివి, నీకు సందేహాలెందుకయ్యా?" అన్నాడు కపర్ది.

"ఉప్పు గురించే లెండి. మీరూ గుప్పెడు పట్టుకుని, ఇది అబద్ధాన్ని పట్టిస్తుందని ఒక్కమాట చెప్పండి."

కపర్ది కాస్త తటపటాయించాడు. భయమెందుకని రాజు అడగడంతో ఉప్పు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది అబద్ధాన్ని తప్పక పట్టిస్తుంది," అని పిడికిలి తెరవబోయాడు.

సోమిదేవుడు అలాగే ఉంచమన్నాడు. కామసాని నిలబడినంతసేపూ అయ్యగారూ నిలబడటం ధర్మమన్నాడు. రాజు తల ఊపాడు.

ఈలోగా సోమిదేవుడు తాపీగా తన ఉగ్రాణం సంగతులు చెప్పుకొచ్చాడు. ఏటా అయ్యగారింటికి మూడు కుండల పులిసిన కల్లు వెళుతుంది. అరటిబోదెల బూడిద నుంచి తీసిన క్షారం కూడా వెళుతుంది. ఆ క్షారం కల్లులో వేస్తే బుసబుస పొంగి కరుగుతుంది. దాన్ని కాచి ఎండబెడితే తెల్లటి ఉప్పు మిగులుతుంది. అదే కల్లులో రాగిరేకు నానబెడితే పచ్చటి ఉప్పు వస్తుంది. ఈ తెల్లదానికి గాలిలో తడి కనిపిస్తే చాలు, తాగి తాగి తానే నీరైపోతుంది. జాడీకి మైనం అందుకే.

అప్పటికే కపర్ది మణికట్టు మీదుగా ఒక చుక్క జారి నేల మీద పడింది.

సోమిదేవుడు ఆ చుక్కను చూసి చేతులు జోడించాడు.

"అయ్యా, ఉప్పు చెప్పింది నిజమైతే మీరు అబద్ధమాడారు. మీరు చెప్పింది నిజమైతే ఉప్పు అబద్ధమాడింది. ఎవరి చెయ్యి నరకమంటారో మీరే సెలవివ్వండి."

కపర్ది తడిచేతిని ఉత్తరీయంలో దాచుకున్నాడు. ముందుగా నవ్వింది రాజే. తర్వాత సభ నవ్వింది. శిక్ష రద్దయింది. రేపటి నుంచి సాక్షులను తానే కూర్చుని విచారిస్తానన్నాడు రాజు.

ఏం బహుమానం కావాలని సోమిదేవుణ్ణి అడిగాడు.

"ఆ జాడీ ఇప్పించండి మహారాజా. మూత తీసి ఉగ్రాణంలో పెడతాను. ధాన్యానికి చెమ్మ తగలకుండా ఉంటుంది."