చేటలో పాపకి ప్రవర

పిల్లలూ, ఈ కథ మీకెవరూ చెప్పి ఉండరు. మనం ఉన్న చోట చెప్పేవాళ్ళు లేరు. నేనూ రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ఇప్పుడు వినండి. నాకెలా చెప్పారో అలాగే చెబుతాను.

వంశధార ఒడ్డున ఒక పల్లెలో కూర్మనాథం అనే అతను గురువుగారి దగ్గర తర్కం చదువుకునేవాడు. అతనికి ఆడపిల్ల పుట్టింది. ఇరవై రోజులైంది. తెల్లవారితే బారసాల. పేరు మాత్రం ఇంకా కుదరలేదు.

పేర్లు దొరక్కపోలేదు. తాటాకు మీద నలభై రాసుకున్నాడు. అయితే ఏ పేరు చూసినా, రేపు వచ్చేవాళ్ళు దానికి ఏ వంక పెడతారో ముందే చెవుల్లో వినబడుతోంది. హిరణ్మయి అందామంటే, 'ఇంట్లో ఇత్తడి చెంబుకి దిక్కులేదు, కూతురు మాత్రం బంగారమట' అంటారు. శారద అందామంటే, 'అయితే తమరు బ్రహ్మగారా?' అంటారు. మృదుల అందామంటే, పిల్ల ఏడుపు నాలుగిళ్ళ అవతలికి వినబడుతోంది.

ఆ తాటాకు పట్టుకుని గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

గురువుగారికి ఎనభై దాటాయి. వయసులో ఉన్నప్పుడు చయనం అనే పెద్ద యజ్ఞం చేశారు కాబట్టి అందరూ ఆయన్ని చయనులుగారు అనేవారు. రాజుగారు వచ్చినా చాప మీంచి లేవరని పేరు. ఆ వేళ ఆయన చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు.

"చదువు," అన్నారు.

కూర్మనాథం నలభై పేర్లూ చదివాడు. ఒక్కొక్క పేరుకీ వచ్చే ఎత్తిపొడుపు కూడా చెప్పాడు. చయనులుగారు మధ్యలో అడ్డు రాలేదు.

"పేర్లు బాగున్నాయి. తిట్లు ఇంకా బాగున్నాయి," అన్నారు చివరికి. "ఎవరివోయ్ ఆ తిట్లు?"

"రేపు వచ్చేవాళ్ళవండి."

"వాళ్ళింకా రాలేదుగా?"

కూర్మనాథం తాటాకు చంకలో పెట్టుకున్నాడు.

"మీ ఆవిడ పిల్లని ఏమని పిలుస్తోంది?"

"అది మీ ఎదుట అనే మాట కాదండి."

"బూతా?"

"అయ్యో, కాదండి." కూర్మనాథం గొంతు తగ్గించాడు. "తవిటమ్మ అంటోందండి."

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. కూర్మనాథం భార్య నరసమ్మకి అంతకుముందు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. పిల్లలు నిలవని ఇళ్ళలో ఆ రోజుల్లో ఒక పని చేసేవారు. పుట్టిన బిడ్డని చేటలో పెట్టి, 'ఈ బిడ్డ నాకొద్దు' అని గడప అవతల ఎవరికో ఇచ్చేసేవారు. మళ్ళీ వాళ్ళ దగ్గరే ఇంత తవుడు పోసి కొనుక్కునేవారు. తవుడికి అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని నమ్మకం. కొన్నాక తవిటయ్య అనో తవిటమ్మ అనో పిలవాలి. ఆ పేరు మారిస్తే బేరం చెల్లదు.

నరసమ్మ ఆ బేరం చేసింది. పురుడు పోసిన మంత్రసాని పైడమ్మ చేతికి బిడ్డనిచ్చి, సోలెడు తవుడు పోసి కొనుక్కుంది.

చయనులుగారు నవ్వుతారని కూర్మనాథం భయపడ్డాడు. ఆయన నవ్వలేదు. చేతిలో చిక్కుడుకాయ చాప మీద పెట్టారు. తరవాత, "రేపు వస్తాను," అన్నారు.

మర్నాడు కూర్మనాథం ఇల్లు పండితులతో నిండిపోయింది. కళ్ళజోడు కింద నుంచి చూసేవాళ్ళు, ముక్కుపొడుం పట్టు పట్టి మరీ మాట్లాడేవాళ్ళు, అందరూ వచ్చారు. అతనితో పాటు చదువుకునే సర్వేశం అరుగు మీంచే అందుకున్నాడు.

"ఏమోయ్, కోశాలన్నీ తిరగేశావట! మాకు అర్థమయ్యే పేరేనా, వ్యాఖ్యానం కూడా రాయించి పంచుతావా?"

అందరూ నవ్వారు. కూర్మనాథం కూడా నవ్వాడు. అతని చెమట మాత్రం ఆగలేదు.

పళ్ళెంలో బియ్యం పోసి, చదును చేసి, బంగారపు ఉంగరం చేతికిచ్చారు. ఆ ఉంగరంతో తండ్రి బియ్యంలో బిడ్డ పేరు రాయాలి. పక్కనే పాపని ఒళ్ళో పెట్టుకుని నరసమ్మ కూర్చుంది. రాత్రే అతను భార్యతో చెప్పాడు, తరంగిణి అని రాస్తానని. మొదటి అక్షరం కలుస్తుంది, సర్దుకొమ్మని.

ఉంగరం బియ్యానికి ఆనించాడు. 'త' రాశాడు. 'రం' రాశాడు.

"ఏవండీ," అంది నరసమ్మ, అతనికి మాత్రమే వినబడేలా. "మొదటివాడికి విద్యాధరుడని పెట్టారు. రెండోదానికి కళ్యాణి అని పెట్టారు. ఆ రెండు పేర్లూ అందరూ మెచ్చుకున్నారండీ."

అతని చెయ్యి ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే వీధిలో చేతికర్ర చప్పుడైంది. చయనులుగారు వచ్చారు.

కూర్చున్నవాళ్ళందరూ లేచారు. పెద్దలు కనబడితే ప్రవర చెప్పడం వాళ్ళ మర్యాద. రెండు చేతులూ చెవులకి చేర్చుకుని, నా గోత్రం ఇది, నేను ఫలానావాణ్ణి, మీకు నమస్కరిస్తున్నాను అని చెప్పి, వంగి పాదాలు తాకాలి. చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకి చెబుతారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి చెప్పడం ఎక్కడా లేదు. ఒకరి తరవాత ఒకరు చయనులుగారికి ప్రవర చెప్పుకున్నారు. ఆయన అందరినీ దీవించారు.

తరవాత నరసమ్మ దగ్గరికి వచ్చి, "పాపని తెచ్చుకున్న చేట ఉందా అమ్మా?" అని అడిగారు.

నరసమ్మ మొగుడి వైపు చూసింది. అతను ఎటో చూస్తున్నాడు. ఆవిడే లేచి చేట తెచ్చింది, ఒక పాత గుడ్డ పరిచి పాపని అందులో పడుకోబెట్టింది. వెదురు సందుల్లో ఇంకా తవుడు అంటుకునే ఉంది.

చయనులుగారు కర్ర గోడకి ఆనించారు. భుజం మీది ఉత్తరీయం తీసి నడుముకి చుట్టుకున్నారు.

ఆయన ఏం చేయబోతున్నారో కూర్మనాథానికి ముందు అర్థం కాలేదు. రెండు చేతులూ చెవులకి చేరాక అర్థమైంది.

చయనులుగారు చేటలో పాపకి ప్రవర చెబుతున్నారు.

"స్వామీ, తప్పు, తప్పు!" అన్నారెవరో. ఆయన వినలేదు. ఋషుల పేర్లు చెప్పారు. గోత్రం చెప్పారు. వేదశాఖ చెప్పారు. ఎనభై ఏళ్ళ ఆ గొంతు ఎక్కడా వణకలేదు. ఆయనకంటే పెద్దవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ మిగల్లేదు కాబట్టి, ఆయన ఒకరికి ప్రవర చెప్పగా అక్కడున్న వాళ్ళెవరూ విని ఎరగరు. చివర ఆయన అసలు పేరు వచ్చే చోట అందరూ చెవులు రిక్కించారు.

"పెంటయ్య శర్మా అహం భో అభివాదయే."

పెంట అంటే ఇల్లు ఊడ్చి పారబోసిన చెత్త, పశువుల పేడ. రాజులు పల్లకీ పంపినా కదలని మనిషి, ఆ పేరు గంట కొట్టినట్టు చెప్పి, వంగి, చేట అంచు తాకారు.

వంగినవారు లేవలేదు.

ప్రవర చెప్పినవాళ్ళు దీవెన అందాకే లేవాలి. పాప ఆవులించింది. పండితులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆయన్ని దీవించగలిగినంత పెద్దవాళ్ళు అక్కడ ఎవరున్నారు? ఆయన చేట అంచు గట్టిగా పట్టుకోవడం కూర్మనాథానికి కనబడుతోంది. వెళ్ళి పట్టుకోవాలని ఉంది. కానీ దీవెన అందకుండా లేపకూడదు.

వాకిట్లోంచి పైడమ్మ గొంతు వినబడింది. విస్తళ్ళు వేసే వేళకి వచ్చి, అప్పటిదాకా చూరు కింద నిలబడింది.

"ఏటలాగ వంగిపోయి ఉండిపోనారు బాబూ? దీవిన కోసరమా? దానికి మాటలొచ్చీసరికి మీ నడుం ఇరిగిపోద్ది. దాని బదులు నానంటాను." పైడమ్మ రెండు చేతులూ ఎత్తింది. "నిండా నూరేళ్ళు బతుకు నాయినా!"

ఎవరూ నవ్వలేదు.

చయనులుగారు నెమ్మదిగా లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"మా అమ్మకి నా ముందు అయిదుగురు పోయారు తల్లీ," అన్నారు పైడమ్మతో. "నన్ను పెంట మీంచి ఎత్తుకొచ్చినావిడ కూడా ఈ మాటే అందిట."

తరవాత కూర్మనాథం వైపు తిరిగారు.

"నా పేరు నేను చెప్పుకున్నాను. చేటలో ఉన్న ఆవిడ పేరు నాకింకా ఎవరూ చెప్పలేదు."

కూర్మనాథం పళ్ళెం ముందు కూర్చున్నాడు. రాసిన రెండక్షరాలూ అరచేత్తో చెరిపేశాడు. మళ్ళీ ఉంగరం ఆనించి, ఎవరి మొహం వైపూ చూడకుండా, నాలుగక్షరాలు రాశాడు. అక్షరాలు స్పష్టంగా వచ్చాయి.

రాసిన పేరుతో బిడ్డని మొదట ఎవరైనా పైకి పిలవాలి. అప్పుడు సర్వేశం ముందుకొచ్చి, చేట దగ్గర కూర్చుని, ఉత్తరీయం తీసి నడుముకి చుట్టుకున్నాడు.

"తవిటమ్మా!" అని పిలిచాడు.

నరసమ్మ అప్పుడు తలెత్తి అందరి వైపూ చూసింది.

ఆ పాప బతికిందా అని మీరు అడుగుతారు. మనవల్ని ఎత్తుకుందని కొందరు చెబుతారు. నేను చూడలేదు కాబట్టి ఒట్టేసి చెప్పలేను.

మీకు తెలిసినవాళ్ళ ఇంట్లో ఎప్పుడు బిడ్డ పుట్టినా వెళ్ళి ఈ కథ చెప్పండి. వాళ్ళు అడక్కపోయినా చెప్పండి. మీకు తెలుగు సరిగ్గా రాకపోతే వచ్చినట్టే చెప్పండి, ఫరవాలేదు. ఒక్కటే నేను కోరేది. ఆయన తన పేరు చెప్పుకునే చోటు వచ్చినప్పుడు మాత్రం గొంతు తగ్గించకండి.