బొద్దమ్మ కట్టేసిన కుళాయి

అనగనగా ఆల్ప్స్ అనే మంచుకొండల నడుమ ఒక లోయ. లోయ నిండా ఆపిల్ తోటలే. అందులో ఒక తోట బొద్దమ్మ అనే ఎలుగుబంటిది. ఆమెకి ఇద్దరు పిల్లలు. చలికాలమంతా వాళ్ళ కడుపు నింపేవి ఆ తోటలో కాసిన పండ్లే.

వసంతంలో చెట్లు పూస్తాయి. ఆ పూలు చూడటానికి పల్లపు ఊళ్ళ నుంచి అతిథులు వస్తారు. బొద్దమ్మ ఇంట్లో దిగుతారు. ఆపిల్ ముక్కలు పెట్టి కాల్చిన రొట్టె తిని, తోటంతా తిరుగుతారు. ఆ ఏడు నెమలి, నక్క, కుందేలు వచ్చాయి.

పూలు విచ్చుకున్నాక ఒక్కోసారి చలి విరుచుకుపడుతుంది. అప్పుడు లోయలో అందరూ ఒకటే పని చేస్తారు. కుళాయి తిప్పి, గొట్టాలతో చెట్ల మీద నీళ్ళు చల్లుతారు. నీళ్ళు పూల మీదే గడ్డకడతాయి. ఎండెక్కి ఆ మంచు తనంతట తాను రాలేదాకా నీళ్ళు ఆపరు. బొద్దమ్మా అలాగే చేసేది. వాళ్ళమ్మ చేసింది కాబట్టి చేసేది. ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఒక రాత్రి అలాగే చలి పడితే బొద్దమ్మ కుళాయి తిప్పింది. తెల్లవారేసరికి చెట్లన్నీ గాజు చెట్లయిపోయాయి. అతిథులు బయటికి పరుగెత్తుకొచ్చారు.

"అయ్యో అక్కా! పూలని మంచులో పాతేశావేంటి?" అంది నెమలి.

"పిన్నీ, దగ్గరికెళ్ళి విన్నాను. టిక్కు టిక్కుమని ఏడుస్తున్నాయి," అంది కుందేలు.

నక్క తల అడ్డంగా ఊపింది. "చలికి వణికేవాళ్ళ మీద ఎవరైనా చన్నీళ్ళు పోస్తారా వదినా? నీ పిల్లలకైతే పోస్తావా?"

బొద్దమ్మ గడ్డకట్టిన కొమ్మల వైపు చూసింది. నిజమే కదా, పిల్లలకైతే పోయదు. మరి అమ్మ ఎందుకు పోసింది? ఊరంతా ఎందుకు పోస్తోంది?

కంచె అవతల గడ్డం తాత తన తోటలో తిరుగుతున్నాడు. ఆయన ముసలి కొండమేక. ఆయన చెట్ల మీదా నీళ్ళు పడుతూనే ఉన్నాయి. "తాతా, ఇదెందుకు?" అని ఒక్క కేక వేస్తే చాలు. కానీ 'ఇన్నేళ్ళుగా తోట పెంచుతున్నావు, ఇది కూడా తెలీదా' అంటాడేమో! బొద్దమ్మ కంచె వైపు నుంచి మొహం తిప్పుకుంది.

ఆమె కుళాయి వైపు నడిచింది. ఆగింది. వెనక్కి చూసింది. నెమలి కళ్ళనిండా నీళ్ళు.

కుళాయి కట్టేసింది.

"మా అక్క బంగారం!" అని నెమలి పురి విప్పింది.

మధ్యాహ్నానికి మంచు కరిగింది. పూలు గోధుమరంగుకి తిరిగి వేలాడాయి. బొద్దమ్మ ఒక పువ్వు విప్పి చూసింది. నడుమ నల్లగా ఉంది. ఇంకోటి విప్పింది. అదీ నలుపే.

"ఇక్కడ చూడ్డానికేముంది, పదండి," అంటూ నక్క మూట సర్దింది. ముగ్గురూ వెళ్ళిపోయారు.

అప్పుడు బొద్దమ్మ కంచె దగ్గరికి వెళ్ళి అడిగింది.

గడ్డం తాత నవ్వలేదు. "నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కాస్త వేడి వదులుతాయమ్మడూ. ఆ వేడితోనే పువ్వు బతుకుతుంది. పైన కొత్త నీళ్ళు పడుతున్నంతసేపే ఆ వేడి. సగంలో ఆపావా, ఇక అది వట్టి మంచే."

"మంచు వేడి వదలడమేంటి తాతా?"

"నాకూ నమ్మబుద్ధి కాలేదు. మా నాన్నని పదిసార్లు అడిగి విసిగించాను," అన్నాడు తాత. "పొద్దున ఒక్క మాట అడగలేకపోయావా తల్లీ?"

బొద్దమ్మ తల వంచుకుని తన తోటలోకి నడిచింది.

శరదృతువు వచ్చింది. లోయలో ఆపిల్ పండుగ. అందరి బళ్ళూ పండ్లతో నిండాయి. బొద్దమ్మ తోటలో కంచె పక్క వరుస ఒక్కటే కాసింది. తాత గొట్టం నీళ్ళు దాని మీదా పడ్డాయి మరి. ఒక్క బుట్టెడు పండ్లు. చలికాలం మాత్రం ఎప్పటంత పొడుగే.

పండుగకి నెమలి మళ్ళీ వచ్చింది. ఖాళీ కొమ్మలు చూసి తోక ముడుచుకుంది. "అక్కా, మేం చెప్పబట్టే కదా ఇలా అయింది?"

"చెప్పింది మీరు," అంది బొద్దమ్మ. "కట్టేసిన చెయ్యి నాది."

బుట్ట తీసుకుని, పిల్లల కోసం పండ్లు ఎండబెట్టడానికి లోపలికి వెళ్ళింది.

నీతి: తెలియని సంగతి తెలిసినవారిని అడగడానికి సిగ్గుపడితే, తెలియనివారి మాట విని నష్టపోతాం.