ఐదూళ్లు తిరిగి బండి దిగిన అమ్మ

బండి దిగిన అమ్మవారి గుడి మెట్టవలస దిగువ పొలిమేరలో, ఇక్కడివారు గెడ్డ అని పిలిచే వాగు ఒడ్డున ఉంది. అమ్మవారి పక్కన ఒక రాతి బండిచక్రం ఉంటుంది. దానికి మొక్కి తిప్పబోతే కోరికలు తీరుతాయని ఎవరు పుట్టించారో గానీ, భక్తులు పట్టుకుని ఊగిపోతున్నారు. అయ్యా, అది తిరిగే చక్రం కాదు, ఆగిపోయిన చక్రం. నోరు నొప్పి పుట్టేలా చెప్పినా వినడం లేదు కనుక గుడి తరఫున ఈ పుస్తకం వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ గత్తర వచ్చింది. వాంతులు, విరేచనాలతో జనం పిట్టల్లా రాలిపోయారు. ఊరిపెద్ద తవిటినాయుడు ఆనాటి ఆచారం ప్రకారం మట్టితో అమ్మవారి బొమ్మ చేయించి, పసుపు పూసి, బండి మీద కూర్చోబెట్టి పక్క ఊరి పొలిమేర దాటించాడు. పీడ విరగడైందన్న సంబరంలో రోగుల పక్కబట్టలన్నీ గెడ్డలో ఉతికించాడు. పక్క ఊరివారు తక్కువ తిన్నారా? వారూ బండిని దిగువకు తోలి, వారి బట్టలూ అదే గెడ్డలో జాడించారు. అలా నాలుగు ఊళ్లు దాటి అమ్మవారు చివరిదైన దిబ్బపాలెం చేరింది. ఆ తర్వాత సముద్రమే. దిబ్బపాలెంవారు ఊరుకున్నారా? కొండదారిన బండిని మళ్లీ మెట్టవలసకే తోలేశారు!

బండి వెనకే కబురు వచ్చింది. దిబ్బపాలెంలో కాపురం చేస్తున్న తవిటినాయుడి కూతురు గున్నమ్మకు గత్తర సోకింది. అతడు బండి ముందు సాగిలపడి, "తల్లీ, నా పిల్లొక్కత్తినీ బతికించీ" అని ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి అక్కడే కునుకు తీశాడు.

కలలో అమ్మవారు కనిపించింది. కరుణతో కాదు, విసుగుతో.

"ఎన్నూర్లు తిప్పుతార్రా నన్ను? నడుం ఇరిగిపోతంది. నన్ను తోలీసినావు సరే, గెడ్డలోకి నువ్వొదిలిన రోగాన్ని ఎవులు ఆపుతారు? ఎల్లి ఆ నీల్లు నువ్వొక్కపాలి తాగు, అప్పుడడుగు పిల్ల కోసం."

తవిటినాయుడు లేచి గెడ్డకు పరుగెత్తాడు. చెంబు ముంచి నోటి దాకా తెచ్చాడు. ఆ కంపుకు తాగలేక చెంబు వదిలేశాడు. ఆ నీళ్లే తన బిడ్డ తాగుతోంది.

తిరిగి వచ్చేసరికి బండి చక్రం రాయై ఉంది. అమ్మవారు కిందికి దిగి నేల మీద కూర్చుంది. అతడు అప్పుడే బయలుదేరి ఊరూరా కాళ్లావేళ్లా పడ్డాడు. రోగుల బట్టలు గెడ్డకు దూరంగా ఉడకబెట్టించాడు, మలాన్ని గోతుల్లో పూడ్పించాడు, ప్రతి ఇంట్లో నీళ్లు కాచించాడు. గత్తర తగ్గింది. గున్నమ్మ బతికింది. ఆమె ఇద్దరు పిల్లలూ బతకలేదు.

నేటికీ చైత్రమాసపు జాతరకు ముందు ఐదూళ్లవారూ గెడ్డ శుభ్రం చేస్తారు. చేసిన చోటే ప్లాస్టిక్ కవర్లు పడేసేవారిని ఏమనాలో అమ్మవారికే తెలియాలి. ఇక్కడ కాచి చల్లార్చిన నీళ్లే తీర్థం. ఎవరికి వారు మొక్కుకోవడం ఈ సన్నిధిలో లేదు. ప్రతివారూ తమ దిగువ ఊరిలో ఒకరి పేరు చెప్పి ఆరోగ్యం కోరాలి. దిబ్బపాలెంవారు మెట్టవలసవారి పేరు చెబుతారు. ఎంత చెప్పినా తమ పేరే చదివించుకోవాలనుకునేవారు దయచేసి వరుసలోంచి తప్పుకోండి. మీకోసం ఎవరో ఈపాటికే మొక్కి వెళ్లి ఉంటారు.