పీట వేసి అడిగిన రుచి

ఆ రాజ్యంలో తాతలనాటి నుంచీ వేట నిషిద్ధం. అడవి జంతువు మాంసం తిన్నవాళ్ళు ఎవరైనా సరే, ఊరొదిలి పోవాల్సిందే. రాజుగారు అడవి అంచున విడిది చేసిన రోజున, ఆయన కళ్ళెదుట ఒక వేటదొంగను పట్టి మెప్పు పొందాలని అడవి అధికారి రణమల్లయ్యకు ఉబలాటం పుట్టింది. కట్టెలమ్ముకునే సూరాలును రాజుగారి ముందుకు పిలిపించాడు.

"రా తల్లీ, కూర్చో" అంటూ తనే పీట వేశాడు.

సూరాలు కూర్చోలేదు. నిన్నటిదాకా "ఏమే" అన్న నోరు ఇవాళ "తల్లీ" అంటోందంటే, దేనికో ఎసరు పెడుతున్నాడన్నమాటే.

"అడవిలోనే తిరుగుతావు కదా. దుప్పి మాంసం రుచా, అడవిపంది మాంసం రుచా? మొహమాటపడకుండా రాజుగారికి చెప్పు."

ఏది బాగుందన్నా తిన్నట్టే లెక్క.

"నాకెట్లా తెలుస్తుంది దొరా? విన్నది చెబుతా. దుప్పి మాంసం వేపాకంత చేదంట. అడవిపందైతే ఉత్త పీచంట. రెంటికన్నా మా ఇంటి గోంగూరే నయం."

రణమల్లయ్యకు ఒళ్ళు మండింది. "ఏ తెలివితక్కువవాడు చెప్పాడే? దుప్పి మాంసం నోట్లో వెన్నలా కరుగుతుంది. పందిని మిరియాలు దట్టించి సన్నసెగ మీద ఉడికిస్తే పీచన్నదే ఉండదు."

"తమరే చెప్పాక ఇంక అనుమానమేముంది దొరా" అంది సూరాలు వినయంగా.

రాజుగారు తాంబూలం నమలడం ఆపారు.

"నువ్వు ఇంటికి వెళ్ళమ్మా" అన్నారు సూరాలుతో. తర్వాత ఖాళీగా ఉన్న ఆ పీటను అధికారి వైపు జరిపారు.

"కూర్చో రణమల్లయ్యా. ఆ మిరియాలు ఎప్పుడు వేయాలో కూడా చెప్పు."